కాశీరాజు తవ్వించిన నుయ్యి

ఇంగ్లండులో పాత పల్లెటూళ్ళు చూడబోయే మనబోటివాళ్ళకు ఆ ఊరివాళ్ళు చూపించేవి సాధారణంగా రెండే: చర్చి, పబ్బు. చర్చి గోడ ఏ శతాబ్దినాటిదో, పబ్బు కప్పులోని దూలం ఏ రాణిగారి హయాం నాటిదో చెప్పుకుంటే సగం ఊరి చరిత్ర అయిపోయినట్టే. ఆక్స్‌ఫర్డ్‌షైరులోని స్టోక్ రో అనే చిన్న ఊరికి కూడా ఆ రెండూ ఉన్నాయి. అయితే ఆ ఊరి పేరు పొలిమేర దాటి వినబడడానికి కారణం అవి కావు. వీధి పక్కన, ఇనుపస్తంభాల మీద నిలిచిన గుమ్మటం కింద ఉన్న ఒక నుయ్యి. దాన్ని తవ్వించినది ఆ చుట్టుపక్కల ప్రభువెవరూ కాదు. ఏడువేల కిలోమీటర్ల అవతల, గంగ ఒడ్డున రామనగరం కోటలో ఉన్న కాశీరాజు.

స్టోక్ రో చిల్టర్న్ కొండల మీద ఉంది. థేమ్స్ ఒడ్డునున్న హెన్లీకి పడమటగా 8 కిలోమీటర్లు, నేను ఉద్యోగరీత్యా ఉంటున్న రెడింగ్ పట్టణానికి ఉత్తరంగా 14 కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల్లో ఆ పారిష్ మొత్తానికి తేలినవాళ్ళు 651 మంది. రెడింగ్ వీధుల్లో ఆదివారం పూట తెలుగు మాట వినబడకుండా నడవడం కష్టం. కానీ గంటసేపు కూడా పట్టని ఈ ఊరికి వెళ్ళివచ్చినవాళ్ళు మనవాళ్ళలో నాకు తారసపడింది తక్కువ. ఈ నాలుగు మాటలూ రాయాలనిపించడానికి అదొక కారణం. రెండో కారణం మా జిల్లాకు సంబంధించినది. అది తరువాత చెబుతాను.

ముందు ఊరి పేరు. పాత ఇంగ్లీషులో 'స్టోక్' అంటే పెద్ద ఊరికి అనుబంధంగా దూరాన వెలిసిన చిన్న ఊరు. 'రో' అంటే వరస, ఇళ్ళ వరస. మా విజయనగరం జిల్లాలో ఊరి పేర్ల చివర కనబడే 'వలస' అన్న మాట ఎటువంటిదో ఈ 'స్టోక్' కూడా అటువంటిదే అనుకోవచ్చు. పేరుకు తగ్గట్టే స్టోక్ రో చాలాకాలం ఒక స్వతంత్రమైన ఊరు కాదు. దిగువన, థేమ్స్ లోయలో ఉన్న పాత ఊళ్ళకు కొండ మీద ఉన్న తోక. ఈ ప్రాంతపు పారిష్‌లు నదీతీరపు పచ్చికబయళ్ళతో మొదలై, మెట్టపొలాలు దాటి, కొండ మీది అడవిదాకా సన్నని పీలికల్లా సాగి ఉండేవి. ప్రతి ఊరికీ కాస్త నీరు, కాస్త పొలం, కాస్త కట్టెపుల్ల దక్కాలని పూర్వులు చేసుకున్న పంపకం అది. ఆ పంపకంలో కట్టెపుల్ల వచ్చిన చివరి కొస స్టోక్ రోకు దక్కింది. నీరున్న కొస కింద ఉండిపోయింది.

ఎప్పుడూ వానలు పడే దేశంలో నీటికి కరువేమిటని నేనూ మొదట అనుకున్నాను. రహస్యమంతా నేలలో ఉంది. చిల్టర్న్ కొండలు సుద్దకొండలు. మన బడిలో నల్లబల్ల మీద రాసుకున్న సుద్ద వంటిదే, వందల అడుగుల మందాన. వాన ఎంత కురిసినా ఆ సుద్ద దాన్ని పీల్చుకుని ఎక్కడో లోతుకు పంపించేస్తుంది. కొండ పైభాగాన వాగు పారదు, ఊట ఊరదు. పైన మాత్రం కొంతమేర చెకుముకి రాళ్ళు కలిసిన బంకమన్ను పొర ఉంది. ఇటుకలకు ఆ మట్టి తవ్విన గుంటల్లో వాననీరు నిలిచేది. పశువులు తాగిన ఆ మురికినీళ్ళనే మనుషులూ తెచ్చుకుని, తేర్చుకుని, వండుకునేవారు. వేసవిలో గుంటలు ఎండితే దిగువ ఊళ్ళకు నడక. ఒక ఇంట్లో వంటకు వాడిన నీళ్ళు మరో ఇంటికి అందించుకున్న సందర్భాలున్నాయని కూడా ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు.

ఆ ఊరి కట్టడాలు ఈ నేలను అర్థం చేసుకోవడానికి మంచి పాఠ్యపుస్తకాలు. పాత ఇళ్ళు ఎర్ర ఇటుకతోనూ చెకుముకి రాయితోనూ కట్టినవి. ఇటుక ఆ బంకమట్టిలోంచి వచ్చింది, రాయి ఆ సుద్దలోంచి వచ్చింది. పక్కనున్న నెటిల్‌బెడ్ అనే ఊళ్ళో సీసా ఆకారంలో ఉన్న పాత ఇటుకబట్టీ ఒకటి ఇప్పటికీ ఇళ్ళ మధ్య నిలబడి ఉంది. స్టోక్ రో చర్చి సెయింట్ జాన్ పేరిట 1846లో కట్టినది. హస్సీ అనే వాస్తుశిల్పి దాన్ని 13వ శతాబ్దపు పద్ధతిలో రూపొందించాడు. పగలగొట్టిన చెకుముకి రాళ్ళ నిగనిగ దాని గోడల మీద ఎండవేళ చూడాలి. పాత చర్చిలా కనబడే ఆ కొత్త చర్చి వచ్చేదాకా ఈ కొండ మీదివాళ్ళు పెళ్ళికైనా చావుకైనా మాతృగ్రామాలకు దిగి వెళ్ళవలసినవాళ్ళే. అంటే 1846లో ఊరికి దేవుడు దక్కాడు. నీళ్ళు దక్కడానికి మరో 18 ఏళ్ళు పట్టింది.

పబ్బుల సంగతీ చెప్పాలి గదా. ఊరి నడుమ ఉన్నదాని పేరు చెర్రీ ట్రీ. ఊరి చివర సన్నని సందులో 'క్రుకెడ్ బిలెట్' అనే పాతకాలపు పూటకూళ్ళ ఇల్లు ఉంది. 'టైటానిక్' నాయిక కేట్ విన్స్‌లెట్ 1998లో తన మొదటి పెళ్ళివిందు పెద్ద హోటలులో కాకుండా ఆ చిన్న పబ్బులోనే ఇచ్చింది. ఊరి చుట్టూ బీచ్ చెట్ల అడవి. ఈ కొండల్లోని వడ్రంగులు ఒకప్పుడు అడవిలోనే చిన్న పాక వేసుకుని, పచ్చి బీచ్ కర్రను కాలితో తొక్కే తరిమెన మీద తిప్పి కుర్చీకాళ్ళు చేసి, హై వికోంబ్ ఊరి కుర్చీల కర్మాగారాలకు అమ్మేవారు. కలిగిన ఊరు కాదు. కష్టం చేసుకు బతికిన ఊరు.

ఇక కాశీకి ఇక్కడికి వంతెన వేసిన మనిషి ఎడ్వర్డ్ ఆండర్‌డన్ రీడ్. 1807లో పుట్టినవాడు. స్టోక్ రోకు దిగువన ఉన్న ఇప్స్‌డెన్ వాళ్ళ స్వగ్రామం. నవలాకారుడు చార్లెస్ రీడ్ ఇతని తమ్ముడే. ఎడ్వర్డ్ చిన్నవయసులోనే కంపెనీ కొలువులో చేరి వాయవ్య పరగణాలకు, అంటే నేటి ఉత్తరప్రదేశ్ ప్రాంతానికి వచ్చాడు. 1831లో ఆజంగఢ్‌లో అక్కడి ప్రజల కోసం ఒక నుయ్యి తవ్వించడానికి పూనుకున్నాడు. 1857 సెప్టెంబరులో, ఆగ్రా కోటలో తలదాచుకున్న లెఫ్టినెంట్ గవర్నర్ కాల్విన్ మరణిస్తే, కొద్ది వారాలపాటు ఆ బాధ్యత కూడా రీడ్ మీద పడింది. 1860లో ఉద్యోగం విరమించి స్వదేశం చేరాడు.

కాశీరాజు ఈశ్వరీప్రసాద్ నారాయణ్ సింగ్‌తో రీడ్‌కు గట్టి స్నేహం. ఇద్దరూ మాట్లాడుకునేటప్పుడు నీళ్ళ ప్రస్తావన వచ్చిందట. మీ దేశంలో నీటికి లోటుండదు గదా అన్న ధోరణిలో ఉన్న రాజుకు రీడ్ తన ఊరి పైకొండ సంగతి చెప్పాడు. ఎండాకాలంలో ఇంట్లో మిగిలిన ఆఖరి గుక్కెడు నీళ్ళు తాగేసినందుకు ఒక కుర్రవాణ్ణి తల్లి కొడుతూ ఉంటే తాను చూశానన్నాడు. ఆజంగఢ్ నుయ్యి రాజు మనసులో ఉంది. ఈ కుర్రవాడు కూడా అక్కడ చేరాడు. ఇంగ్లండులో ఏదైనా ధర్మకార్యం చేయాలనుకున్నప్పుడు రాజుకు తోచింది సత్రం కాదు, విగ్రహం కాదు. ఆ కొండ మీద ఒక నుయ్యి.

1863 మార్చి 10న తవ్వకం మొదలుపెట్టారు. అది వేల్స్ యువరాజు పెళ్ళిరోజు. వాలింగ్‌ఫర్డ్ పట్టణానికి చెందిన వైల్డర్ అనే ఇనుపపనివారి సంస్థ ఆ పని చేసింది. యంత్రాలతో కాదు, మనుషుల చేతులతో. నూతి వ్యాసం 4 అడుగులు. లోపల దిగిన మనిషికి పార ఆడించేటంత చోటు, అంతకు మించి లేదు. పైనున్న బంకమట్టి దాటారు. సుద్దలోకి దిగారు. నూరడుగులు, రెండు నూర్లు, మూడు నూర్లు. చివరకు 368 అడుగుల దగ్గర వాడకానికి సరిపడా నీరు నిలిచింది. మన ఊళ్ళలో ఆరేడు నిలువుల నుయ్యి అంటేనే పిల్లల్ని దగ్గరకు రానివ్వరు. ఇది అరవై నిలువుల పైమాట. లండన్ నగరపు సెయింట్ పాల్స్ చర్చి ఎత్తు 365 అడుగులు. దాన్ని తలకిందులుగా ఈ నూతిలో దించితే శిఖరం కూడా మునిగిపోతుంది. నూతికి అయిన ఖర్చు 353 పౌన్ల చిల్లర. 1864 మే 24న, విక్టోరియా రాణి పుట్టినరోజున, నుయ్యి ఊరిపరమైంది. నీరు ఎవరైనా తోడుకోవచ్చు, కానీ ఇవ్వనక్కర్లేదు.

ఆ నూతి మీది కట్టడాన్ని చూసినప్పుడు నవ్వూ ముచ్చటా రెండూ కలుగుతాయి. చుట్టూ గోడలు లేవు. పోత ఇనుప స్తంభాలు, వాటి మీద గుమ్మటం, గుమ్మటానికి గుండ్రని గవాక్షాలు, కొసన బంగారుపూత పూసిన శిఖరం. నేల నుంచి 23 అడుగులు. లోపల నీరు తోడే చక్రాల యంత్రం, ఆ యంత్రం మీద ఒక బంగారురంగు ఏనుగు బొమ్మ. చుట్టూ ఇంగ్లీషు ఆకాశం, బూడిదరంగు మబ్బు, ఇటుక ఇళ్ళు. మధ్యలో కాశీ ఘాటు మీది ఛత్రి ఒకటి దారి తప్పి వచ్చినట్టు. అంచున కాశీరాజు ఈ నుయ్యి ఇచ్చాడని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. తవ్వినవాళ్ళ పేర్లు లేవు. అది మన దగ్గరా అంతే కాబట్టి ఆశ్చర్యపడలేదు.

అరవై నిలువుల లోతునుంచి నీరు తోడడం గిలకా చేంతాడూ పెట్టుకుని చేసే పని కాదు. చక్రానికున్న చేతిపిడి పట్టుకుని తిప్పుతూ ఉంటే ఒక బొక్కెన పైకి వస్తుంది, రెండోది దిగుతుంది. నిండు బొక్కెన పైకి చేరడానికి పది నిమిషాలు పట్టేదని చెబుతారు. పండు ముసలివాళ్ళు, గర్భిణులు ఆ చక్రం తిప్పలేరు గదా? అందుకే నూతి పక్కన ఒక కాపరిని పెట్టారు. అతను ఉండడానికి ఎనిమిది పలకల చిన్న ఇల్లు కట్టారు. బొమ్మరిల్లులా ఉండే ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది.

నన్ను అన్నిటికంటె ఆలోచింపజేసింది నుయ్యి కాదు, దాని పక్కనున్న తోట. నుయ్యి తవ్వడంతో రాజు బాధ్యత తీరిపోలేదు. కాపరికి జీతం ఎవరిస్తారు? తాడు తెగితే, చక్రం అరిగితే ఎవరు బాగుచేయిస్తారు? నీళ్ళకు డబ్బు తీసుకోకూడదన్నది మొదటి షరతు. అందుకని పక్కనే నాలుగెకరాల నేల కొనిచ్చారు. రీడ్ దగ్గరుండి అందులో చెర్రీ చెట్లు నాటించాడు. పళ్ళు అమ్మగా వచ్చిన సొమ్ము నూతి పోషణకు. ఆ తోటకు రాజు పేరిట 'ఈశ్వరీ బాగ్' అని పేరు. అందులో చేప ఆకారంలో ఒక చిన్న కొలను తవ్వించి దానికి 'మత్స్య' అన్న పేరే పెట్టారు. చేప కాశీ రాజవంశపు చిహ్నం. ఆక్స్‌ఫర్డ్‌షైరు రైతుబిడ్డలు ఆ పేర్లను ఎలా పలికేవారో ఊహించుకుంటే భలే సరదాగా ఉంటుంది.

మన పూర్వులు సప్తసంతానాలని చెప్పేవారు. కన్నబిడ్డ కాక మనిషి పేరు నిలబెట్టేవి మరో ఆరు: తటాకం, వనం, దేవాలయం, అగ్రహారం, నిధి, కావ్యం. ఈ జాబితా కాశీరాజుకు మనకంటే బాగానే తెలిసి ఉండాలి. ఇంగ్లీషువాళ్ళ కళ్ళకు ఆ చెర్రీతోట ఒక జమాఖర్చుల ఏర్పాటుగా కనబడి ఉండవచ్చు. తెలుగువాడి కళ్ళకు అది వేరేలా కనబడుతుంది. నుయ్యి మొదటి బిడ్డ, తోట రెండోది. రెండో బిడ్డ సంపాదించి మొదటి బిడ్డను పోషించేలా చేసిన పెద్దమనిషి ఆయన.

ఇంతవరకూ రాసి ఆపితే ఇది మంచిరాజు కథ అయ్యేది. కానీ కథ అంత తేలికది కాదు. 1857లో ఈశ్వరీప్రసాద్ ఇంగ్లీషువారి పక్షాన నిలిచాడు. నూతి ముహూర్తాలు యువరాజు పెళ్ళికి, రాణిగారి పుట్టినరోజుకు కుదరడం యాదృచ్ఛికం కాదు. 1882లో రాణి మీద హత్యాయత్నం జరిగి ఆవిడ బయటపడితే, ఆ సంతోషంలో రాజు ఖర్చుతో స్టోక్ రో జనానికి విందు, రొట్టె, టీ, పంచదార అందాయి. పైగా మహారాజు అని పిలిచినా అప్పటికి ఆయన జమీందారే. కాశీకి సంస్థానపు హోదా 1911లో గాని రాలేదు. అంటే ఈ నూతిలోని ప్రతి పౌనూ గంగాతీరపు రైతు కట్టిన శిస్తులోంచి వచ్చినదే. తవ్వకానికి రెండేళ్ళ ముందే, 1860-61లో, పడమటి దోఆబులో కరువు వచ్చి జనం లక్షల్లో చనిపోయారు. ఆ సమయంలో ఇంగ్లండు కొండ మీద నుయ్యేమిటని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్న అన్యాయమైనది కాదు.

మనకు కాటన్ దొర ఉన్నాడు గదా అని కొందరు మిత్రులు అంటారు. వాళ్ళు మనకు ధవళేశ్వరం ఇచ్చారు, మనవాళ్ళు వాళ్ళకు నుయ్యి ఇచ్చారు, చెల్లుకు చెల్లు అన్నట్టు. గోదావరి జిల్లాలవారికి ఆర్థర్ కాటన్ మీదున్న కృతజ్ఞత నాకు తెలుసు, దాన్ని నేను తక్కువ చేయను. అయితే 1852లో పూర్తయిన ఆ ఆనకట్టకు ప్రభుత్వం సొమ్ము పెట్టింది శిస్తు పెరుగుతుందన్న లెక్క చూసుకుని. అది తప్పు కాదు, కానీ దానం కూడా కాదు. స్టోక్ రో నూతి వల్ల కాశీరాజుకు ఒక్క దమ్మిడీ శిస్తు పెరగదు. ఆ కుర్రవాడు ఆయన ప్రజ కూడా కాదు. విధేయత ఎంత ఉన్నా, పేరు కోరిక ఎంత ఉన్నా, ఆ రెండూ తీసేసిన తరువాత కూడా అడుగున ఏదో కొంచెం మిగులుతుంది. 368 అడుగుల దిగువన నీరు మిగిలినట్టు. ఆ మిగిలినదానికి దయ అని కాక మరో పేరు నాకు తోచలేదు.

ఇప్పుడు మా జిల్లా సంగతి. ఆ రోజుల్లో కాశీలో నివాసమున్న తెలుగు ప్రభువులు ఇంకొకరున్నారు: విజయనగరం గజపతులు. కేదారఘాటు పక్కన వారి పేరిట ఘాటు ఈనాటికీ ఉంది, కాశీయాత్ర చేసిన మీలో చాలామంది చూసే ఉంటారు. మూడవ విజయరామ గజపతిరాజు కాశీలో చాలాకాలం గడిపినవాడు. ఆయన 1867లో లండన్ నగరానికి ఒక చలివేంద్రం బహూకరించాడు. హైడ్ పార్కులో, మార్బుల్ ఆర్చ్ దగ్గర, దారినపోయేవాళ్ళు ఆగి మంచినీళ్ళు తాగడానికి కట్టిన రాతికట్టడం అది. అప్పట్లో లండన్ పేదలకు శుభ్రమైన తాగునీరు దొరకడం ఎంత కష్టమంటే, ఊరంతా ఇటువంటి చలివేంద్రాలు కట్టించడానికి 1859లో ఒక సంఘమే వెలిసింది. బొంబాయి పార్సీ దాత కావస్‌జీ జహంగీర్ రెడీమనీ 1869లో రీజెంట్స్ పార్కులో కట్టించినది కూడా ఆ కోవలోదే. అది నేటికీ నిలిచి ఉంది.

మా రాజుగారిది నిలవలేదు. 1964లో దాన్ని తొలగించారు. అది ఉన్నచోట గుర్తుగా ఒక రాయి మాత్రం ఉంది. తెలియనివాడికి అది రాయి. విజయనగరంవాడికి మాత్రం అక్కడ కాళ్ళు కాసేపు ఆగుతాయి. ఆ చలివేంద్రం కట్టించడానికి ముందటి ఏడే, 1866లో, ఒరిస్సాలోనూ గంజాంలోనూ భయంకరమైన కరువు వచ్చింది. మా జిల్లాకు గంజాం ఇరుగుపొరుగు. కాశీరాజు నూతి దగ్గర వేసిన ప్రశ్న హైడ్ పార్కులో మరింత గట్టిగా వేయాలి. వేశాక కూడా ఆ రాయిని దాటి పోవడం కష్టమే.

1964 అన్న సంవత్సరాన్ని గమనించారా? అదే ఏడు స్టోక్ రో నూతికి నూరేళ్ళు నిండాయి. 1961లో ఎలిజబెత్ రాణి కాశీ వెళ్ళినప్పుడు అప్పటి కాశీరాజు విభూతినారాయణ్ సింగ్ ఆ నూతి నమూనాను దంతంతో చేయించి ఆమెకు ఇచ్చాడు. ఆ తరువాత శతజయంతి వేడుకకు రాణిగారి భర్త ఫిలిప్ స్వయంగా వచ్చాడు. కాశీనుంచి తెచ్చిన గంగాజలం నూతిలో పోశారు. ఒకే దేశంలో, ఒకే ఏడు, కాశీ గాలి సోకిన రెండు దానాల్లో ఒకదానికి గంగాభిషేకం, ఒకదానికి గునపం.

ఎందుకిలా జరిగిందని చాలారోజులు ఆలోచించాను. స్టోక్ రో నూతి నీళ్ళు అవసరమై బతికిందనుకుంటే పొరపాటు. ఆ ఊరికి కుళాయిలు వచ్చాయి, సుమారు డెబ్భై ఏళ్ళు వాడాక రెండవ ప్రపంచయుద్ధం నాటికి నూతి పని ముగిసింది. లండన్‌లోనూ అదే జరిగింది. అవసరం రెండు చోట్లా తీరిపోయింది. తేడా మరొకటి. హైడ్ పార్కు చలివేంద్రం అందరిదీ, అందుకని ఎవరిదీ కాదు. దారినపోయేవాడు తాగాడు, వెళ్ళిపోయాడు. స్టోక్ రోలో మాత్రం ఆ చక్రం తిప్పి తిప్పి చేతులు కాయలు కాచినవాళ్ళ మనవలు ఆ ఊళ్ళోనే ఉన్నారు. కాపరి ఇల్లుంది, తోట ఉంది, ధర్మకర్తలున్నారు, లెక్కలు రాసే పుస్తకం ఉంది. కాశీరాజు ఇచ్చినది నీరొక్కటే కాదు, నీటితోపాటు దాన్ని చూసుకునే పనిని కూడా ఇచ్చాడు. ఇచ్చిన వస్తువు మీద ప్రేమ పుట్టదు. చూసుకున్న వస్తువు మీద పుడుతుంది. పని ముగిసిన నూతికి రంగులు వేయించి, ఏనుగుకు బంగారుపూత తిరిగి పూయించి కాపాడుకోవడానికి వాళ్ళను నడిపించినది ఆ పుట్టిన ప్రేమే అని నా నమ్మకం.

మా అమ్మమ్మగారి ఊరు గజపతినగరం దాపున ఒక చిన్న వలస. వీధి మొగలో రాతికట్టు నుయ్యి ఉండేది. నాలుగు పక్కలా నాలుగు గిలకలు. తెల్లవారుజామున ఆ గిలకల కీచుతోనే ఊరు లేచేది. చప్టా అంచున ఒక రాతి మీద తెలుగు అక్షరాలుండేవి. ఎవరో ఒక వితంతువు తన నగలు అమ్మి ఆ నుయ్యి తవ్వించిందని, ఆవిడకు పిల్లలు లేరని, ఆవిడ పేరే ఆ రాతి మీద ఉందని అమ్మమ్మ చెప్పేది. నా చిన్నతనానికే ఆ అక్షరాలు కడవల రాపిడికి అరిగి చదవడానికి రాకుండా పోయాయి. అమ్మమ్మకు ఆ పేరు తెలుసు. వీధి కుళాయిలు వచ్చాక నూతిలో చెత్త పడింది, తరువాత కంకర పడింది, దాని మీదుగా సిమెంటు రోడ్డు వెళ్ళింది. ఆ రాయి ఏమైందో చెప్పగలవాళ్ళు లేరు. కిందటిసారి వెళ్ళినప్పుడు అదే మొగలో నీళ్ళ డబ్బాల ఆటో ఆగి ఉంది. మామయ్య రెండు డబ్బాలు దింపించి డబ్బులిచ్చాడు.

ఆ వితంతువుకూ కాశీరాజుకూ నా లెక్కలో భేదం లేదు. ఉంటే ఆవిడదే ఒక మెట్టు పైన. రాజు శిస్తులోంచి తీసి ఇచ్చాడు, ఆవిడ ఒంటి మీదినుంచి తీసి ఇచ్చింది. కాశీరాజు పేరు ఇంగ్లండులో 160 ఏళ్ళు దాటినా ఇనుప అక్షరాల్లో చదవగలుగుతున్నాను. ఆవిడ పేరు తన ఊళ్ళోనే చదవలేకపోయాను. దీనికి కారణం ఇంగ్లీషువాళ్ళ గొప్పదనమని నేననను. వాళ్ళే గదా హైడ్ పార్కులో మా రాజుగారి చలివేంద్రం పడగొట్టినది! ఎక్కడైనా సంగతి ఒక్కటే. దగ్గరుండి చూసుకునే నలుగురుంటే నుయ్యి మిగులుతుంది, లేకపోతే రాయి మిగులుతుంది, ఒక్కొక్కసారి రాయి కూడా మిగలదు.

ఇంగ్లండులో ఉన్న మిత్రులకు ఒక మనవి. వసంతంలో, చెర్రీలు పూసే రోజుల్లో స్టోక్ రో వెళ్ళి రండి. ప్రవేశరుసుము లేదు, పిల్లలకు ఏనుగు నచ్చుతుంది. లండన్‌లో ఉన్నవాళ్ళు హైడ్ పార్కులో ఆ రాయి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఊళ్ళో ఉన్న మిత్రులకు ఇంకా పెద్ద మనవి. మీ ఊరి నుయ్యి పూడిపోయినా సరే, దాన్ని ఎవరు తవ్వించారో మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. పేరు చెబితే రాసి పెట్టండి. మా అమ్మమ్మ 2003లో పోయింది. ఆవిడ చెప్పిన ఆ పేరు 'చిట్టెమ్మ' అని మా అమ్మ అంటుంది, 'సీతమ్మ' అని మామయ్య అంటాడు. రెండూ ఇక్కడ రాసి పెడుతున్నాను.